ఊపిరి బిగబట్టిన పిల్లలు

ఓడరేవులో క్రేను నడిపే గొర్లె సన్యాసిరావు ఆ పరిశోధనశాల గేటు దగ్గరికి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ కాపలావాళ్ళు పేరు రాసుకుని తిప్పి పంపేశారు. ఈసారి అతను లోపలికి పంపమని అడగనేలేదు. గేటుకు ఇవతల, రోడ్డు మీద, ఎండలో నిలబడి, లోపలికి మలుపు తిరిగే ప్రతి కారు దగ్గరా వంగి, "వకుళ మేడమ్ మీరేనాండి?" అని అడుగుతూ వచ్చాడు. తొమ్మిదో కారో పదో కారో ఆమెది.

డాక్టర్ వకుళ అద్దం దించింది. అతని చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడిచిన కాగితం ఉన్నాయి. కాగితం పైన ఉన్న గుర్తు ఆమెకు బాగా తెలుసు. రెండు అలలు ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టుండే ఆ గుర్తును ఏడేళ్ళ క్రితం ఆమే గీసింది.

"ఇరవై రెండు అని రాసేరు మేడమ్. ఇరవై రెండంటే ఏటి?"

కోర్టులో కౌన్సెలరు చెప్పలేదా అని ఆమె అడిగింది. చెప్పారన్నాడు. ఏడేళ్ళ కూతురు హారికకూ తనకూ మధ్య బంధం బలహీనంగా ఉందన్నారట. పాతిక లోపు వచ్చింది కాబట్టి ఏడాదిపాటు పాపను కలవడానికి వీల్లేదన్నారట. ఆ మాటలన్నీ అతనికి అర్థమయ్యాయి. అర్థం కానిది ఒక్కటే.

"పాప నా ఒళ్ళో కూకుని ఊపిరి బిగబట్టీసింది మేడమ్. ఏటమ్మా అంటే, కదలకు నాన్నా, మనం సరిగ్గా చెయ్యకపోతే నిన్ను పంపించీస్తారు అంది. అలాటి పిల్లకి ఇరవై రెండయితే, వంద వొచ్చిన పిల్ల ఏటి చేస్తాది?"

ఇలాంటి ప్రశ్నలకు వకుళ దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. యంత్రం ఒక్క క్షణాన్ని చూడదు, ఇరవై నిమిషాలనూ కలిపి చూస్తుంది అని. ఆ మాటే చెప్పింది. సన్యాసిరావు తల ఊపాడు కానీ కారు తలుపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తన కొలత తాలూకు పూర్తి రికార్డు అడిగే హక్కు తనకుందని కోర్టు గుమాస్తా ఒకాయన చెప్పాడనీ, అదొక్కసారి చూడమనీ అడిగాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. చూస్తానని మాట ఇచ్చి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ యంత్రం కోర్టుల కోసం పుట్టలేదు. నెలలు నిండని పిల్లల వార్డు కోసం పుట్టింది. కిలో బరువైనా లేని పసిబిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెడితే, కాసేపటికి ఆ ఇద్దరి ఊపిరీ, గుండె నడకా ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కొంచెం త్వరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఆ హెచ్చుతగ్గులు ఇద్దరిలోనూ ఒకే వరసలో పడతాయి. వకుళ దాన్ని కొలిచే మెత్తటి పట్టీలు తయారుచేసింది. తల్లికొకటి, బిడ్డకొకటి, ఎదురుగా ఒక తెర. తెర మీద రెండు గీతలూ కలిసి నడుస్తుంటే బిడ్డ కుదుటపడినట్టు. విడిపోతే నర్సు వచ్చి చూసేది. జంటలయ అని పేరు పెట్టింది కూడా వకుళే. ఆ వార్డులో గాజుపెట్టె పక్కన కూర్చుని ఏడవడం తప్ప ఏమీ చేతకాదనుకున్న తల్లులు, తెర మీద గీతలు కలవడం చూసి తమ వల్ల కూడా ఏదో అవుతోందని ధైర్యం తెచ్చుకునేవాళ్ళు.

తర్వాత సంస్థ డైరెక్టరు అనంతకృష్ణకు కుటుంబ న్యాయస్థానాల ఆలోచన వచ్చింది. విడాకుల కేసుల్లో చిన్నపిల్లల్ని జడ్జి గదిలోకి పిలిచి నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా అని అడుగుతున్నారు. అంతకన్నా క్రూరమైన ప్రశ్న ఉందా అన్నాడాయన. పిల్లను ఏమీ అడగక్కర్లేదు, ఇరవై నిమిషాలు ఆడుకోనిస్తే చాలు, మిగతాది పట్టీ చెబుతుంది. ఆ మాటలో దయ ఉందనిపించి వకుళ ఒప్పుకుంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు మంట పుట్టించేది ఇదే. ఆమె ఒప్పుకున్నది ఆశకు కాదు, జాలికి.

విశాఖ కోర్టులో మొదలైంది. ఒక గది, నేల మీద చాప, కొన్ని బొమ్మలు, పిల్లకొక పట్టీ, తల్లికో తండ్రికో ఒక పట్టీ. చివర్లో ఒక అంకె వచ్చేది. అరవై దాటితే వారం వారం బిడ్డను తీసుకెళ్ళవచ్చు. నలభై లోపయితే నెలకు రెండు గంటలు, అదీ కోర్టు హాల్లో, ఎవరో ఒకరు చూస్తుండగా. పాతిక లోపయితే ఏడాది ఆగాలి. ఏళ్ళ తరబడి నలిగే కేసులు నెలల్లో తేలిపోతుంటే అందరూ సంతోషించారు. నాలుగేళ్ళలో పదకొండు రాష్ట్రాలు ఆ పట్టీలు తెప్పించుకున్నాయి.

ఈలోగా వకుళ సంసారమే ఆ గదిలోకి వచ్చింది. ఆమె భర్త సుధీంద్ర అనకాపల్లిలో పశువైద్యుడు. పెద్ద గొడవలేవీ లేవు. ఆమె పనివేళలూ అతని పల్లెటూళ్ళ తిరుగుడూ, ఎవరూ ఎవరి కోసమూ మార్చుకోని రెండు జీవితాలూ, అంతే. విడిపోయాక కూతురు చైత్ర కోసం మాత్రం ఇద్దరూ పట్టుబట్టారు. యంత్రం చేసిన మనిషే కక్షిదారు అయితే ఎలా అని సుధీంద్ర తరఫు లాయరు అభ్యంతరం చెబితే, యంత్రానికి బంధుత్వాలు ఉండవని అప్పటి జడ్జి కొట్టిపారేశాడు. అప్పటికే ఏడాదిగా చైత్ర తల్లి దగ్గర ఉంటోంది. తల్లితో ఎనభై ఎనిమిది వచ్చింది. తండ్రితో ముప్ఫై ఒకటి.

ఆరోజు వరండాలో సుధీంద్ర ఆమెను ఆపాడు. అరవలేదు. "ఆ పిల్ల భయపడుతోంది వకుళా. దూడ బెదిరితే పక్కటెముకలు కదలవు. చెయ్యి వేస్తే తెలుస్తుంది. దానికీ కదలడం లేదు" అన్నాడు. కూతుర్ని దూడతో పోల్చవద్దని చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది. ఏడాదిన్నరగా అతను నెలకోసారి, రెండో శనివారం, కోర్టు హాల్లో రెండు గంటలు కూతురి ఎదురుగా కూర్చుని వెళుతున్నాడు.

సన్యాసిరావు రికార్డును వకుళ ఆ మధ్యాహ్నమే తెరిచింది. వీడియో ఉండదు, గీతలే ఉంటాయి. తండ్రి గీత సముద్రపు అలలా లేచి పడుతోంది. పాప గీత అలా లేదు. పన్నెండు సెకన్లు బల్లపరుపుగా ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పైకి లేస్తుంది, మళ్ళీ బల్లపరుపు. ఊపిరి ఆగితే గుండె అల కూడా చదునవుతుంది. చదునైన గీత ఏ గీతతోనూ కలవదు. యంత్రం దాన్ని దూరం అని రాసింది. సన్యాసిరావు చెప్పిందే జరిగింది. పిల్ల ఇరవై నిమిషాలసేపు తండ్రి ఒళ్ళో కూర్చుని, దాక్కున్న పిల్లలా, మాటిమాటికీ ఊపిరి బిగబట్టింది.

ఒక్క పిల్ల అలా చేసి ఉండొచ్చు. వకుళ ఇంకో ఫైలు తెరిచింది. తర్వాత ఇంకోటి. నాలుగు రోజుల్లో, వేరే పనులన్నీ పక్కన పెట్టి, నలభై లోపు అంకె వచ్చిన వెయ్యీ నూటనలభై రికార్డులు చూసింది. ఏడువందల పైచిలుకు రికార్డుల్లో ఆ బల్లపరుపు గీతే ఉంది. అయిదేళ్ళ పిల్లలు, తొమ్మిదేళ్ళ పిల్లలు, విజయనగరం పిల్లలు, నెల్లూరు పిల్లలు, ఒకరినొకరు ఎప్పుడూ చూడని పిల్లలు, అందరూ ఒకే పని చేశారు. అది కూడా వాళ్ళు దగ్గర ఉండని మనిషితో కొలిచినప్పుడే. రోజూ కలిసి ఉండే మనిషితో కొలిస్తే హాయిగా ఊపిరి తీసుకున్నారు. అంటే యంత్రం బంధాన్ని కొలవలేదు. ఎవర్ని పోగొట్టుకుంటానని పిల్లకు భయం లేదో వాళ్ళకు మార్కులు వేసింది. ఎవరు పోతారని పిల్ల వణికిపోయిందో, సరిగ్గా వాళ్ళను తీసేసింది.

అయిదో రోజు ఉదయం ఆమె తన కూతురి ఫైలు తెరిచింది. తండ్రితో కూర్చున్న చైత్ర గీత ఎలా ఉందో చూడటానికి అర నిమిషం పట్టలేదు. వకుళ కంప్యూటరు ఆపేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. చాలాసేపు కడుక్కుంది.

ఇంట్లో చైత్ర మంచి పిల్ల. పదేళ్ళు. అన్నం పెట్టింది పెట్టినట్టు తింటుంది, బట్టలు మడిచి పెట్టుకుంటుంది. రెండో శనివారం తండ్రిని చూసి వచ్చాక నాన్న ఎలా ఉన్నాడంటే బాగున్నాడంటుంది, ఏం మాట్లాడుకున్నారంటే చదువు గురించి అంటుంది. విడాకులకు ముందు ఈ పిల్లే పాలగ్లాసు కోసం తండ్రితో పోట్లాడి గడప మీద బైఠాయించేది. పిల్ల పెద్దదవుతోందని, బుద్ధి వచ్చిందని వకుళ అనుకుంది. చుట్టుపక్కలవాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

కానీ అనంతకృష్ణ ఏమంటాడో ఆమెకు తెలుసు. ఆ పిల్లలకు ఆ తండ్రులంటే నిజంగానే ఇష్టం లేదేమో, అందుకే బిగుసుకుపోయారేమో అంటాడు. దాన్ని కాదనాలంటే ఒక్కటే దారి. ఎక్కువ అంకె వచ్చిన మనిషి ఎదురుగా కూర్చోబెట్టి, ఈ మనిషి నీకు దూరం కావచ్చు అని పిల్లకు చెప్పి, అప్పుడు కొలవాలి. పరాయివాళ్ళ పిల్లకు ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. సొంత పిల్లకు వచ్చింది.

ఆదివారం పొద్దున ఇడ్లీలు తిన్నాక చైత్రను చాప మీద కూర్చోబెట్టి, పట్టీ కట్టి, తనూ కట్టుకుంది. మామూలుగా అయిదు నిమిషాలు ఆడుకున్నారు. ఎనభై అయిదు. అప్పుడు చెప్పింది. ఈరోజు వచ్చే అంకె కోర్టుకు పంపాలి, అది బాగా రాకపోతే నువ్వు నా దగ్గర ఉండటానికి వీలుండదేమో అని.

చైత్ర ఏడవలేదు. ఎందుకని అడగలేదు. వీపు నిటారుగా చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల్లి ముఖంలోకి చూసి చక్కగా నవ్వింది. ఆ నవ్వు వకుళకు తెలుసు. కోర్టు హాల్లో తండ్రి ఎదురుగా కూర్చున్నప్పుడు అద్దం తలుపులోంచి ప్రతి రెండో శనివారమూ కనిపించే నవ్వు అది. పిల్ల పక్కటెముకలు కదలడం లేదు. తెర మీద గీత చదునైపోయింది.

పందొమ్మిది.

వకుళ పట్టీ లాగేసి పిల్లను దగ్గరికి తీసుకుంది. అబద్ధం చెప్పానంది, కోర్టూ లేదు ఏమీ లేదు, నువ్వు ఎక్కడికీ పోవంది. సరే అమ్మా అంది చైత్ర. కాసేపాగి, ఆ చేతుల్లోంచే అడిగింది.

"ఇంకోసారి చేద్దామా? ఈసారి బాగా చేస్తాను."

నాన్నతో కొలిచినప్పుడు కూడా ఇలాగే ఊపిరి ఆపావా అని వకుళ అడిగింది. పిల్ల చాలాసేపు పట్టీ కొసను వేలికి చుట్టి విప్పింది.

"ఊపిరి తియ్యకపోతే దానికి ఏం తెలీదనుకున్నా. ఏం తెలీకపోతే ఏం రాయరు కదా."

ఆ తర్వాత చాలా రోజులు చైత్ర స్కూలు బస్సు ఎక్కే ముందు, సాయంత్రం ఇంట్లో నువ్వే ఉంటావా అని అడిగి మరీ వెళ్ళేది. ఉంటానని ఎన్నిసార్లు చెప్పినా మర్నాడు మళ్ళీ అడిగేది. వకుళకు రుజువు దొరికింది. దాని కోసం ఏమి వాడుకుందో రోజూ పొద్దున్నే బస్సు దగ్గర కనబడేది.

అనంతకృష్ణ ఆమె తెచ్చిన కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. తెలివైన మనిషి, ఎక్కడా కాదనలేదు. అద్భుతమైన పరిశీలన అన్నాడు. ఊపిరి బిగబట్టడాన్ని కనిపెట్టే సవరణను తర్వాతి తయారీలో పెడదామన్నాడు. తర్వాతిది ఎప్పుడని ఆమె అడిగింది. పద్నాలుగు నెలలన్నాడు. ఈ పద్నాలుగు నెలలూ పాత పట్టీలు ఆపుతారా అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆపితే ఇంతవరకూ ఇచ్చిన అంకెలన్నీ తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, న్యాయవ్యవస్థ మీద ప్రజలకు నమ్మకం పోతుంది, అది మన పిల్లలకే మంచిది కాదు అన్నాడు.

మన పిల్లలు అన్న మాటకు వకుళకు ఒళ్ళు మండింది. "ఏడువందలమంది సార్. వాళ్ళు భయంతో ఊపిరి బిగబడితే, మనం దానికి ప్రేమ లేదని పేరు పెట్టాం. కోర్టు సీలు వేయించాం. పద్నాలుగు నెలలు ఆగమని వాళ్ళకి ఎవరు చెబుతారు, మీరా?"

ఆయన గొంతు పెంచలేదు. నీ కేసు కూడా ఆ అంకెల మీదే తేలింది కదమ్మా, ఇది బయటపెడితే ముందు తిరగబడేది నీ తీర్పే, ఇంటికి వెళ్ళి నిదానంగా ఆలోచించుకో అన్నాడు.

ఆమె ఆలోచించుకోలేదని చెబితే అబద్ధమవుతుంది. మూడు రోజులు ఆలోచించింది. చైత్ర గదిలోకి వెళ్ళి ఖాళీ మంచం మీద కూర్చుంది. వారంలో సగం రోజులు ఈ గది ఇలాగే ఉంటుందని ఊహించుకుంది. సుధీంద్ర ఏడాదిన్నరగా ఇలాంటి గదిలోనే కూర్చుంటున్నాడని అప్పుడు తట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గుతో కోపం వచ్చింది. గెలిచానని ఏ రోజయితే ఆ మెట్లు గర్వంగా దిగిందో, ఆ రోజు మీద వచ్చింది. నాలుగో రోజు సన్యాసిరావు పూర్తి రికార్డు అచ్చువేసి, కింద తన అభిప్రాయం రాసి సంతకం పెట్టి, అతనికి ఇచ్చింది. సాక్ష్యం చెప్పడానికి తనే వస్తానంది. సన్యాసిరావు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్లపరుపు గీత మీద వేలు పెట్టాడు.

"ఇదేనా మేడమ్ మా పాప?"

ఇదే అంది ఆమె. అతనికి ఆ గీత మీద నుంచి వేలు తీయడానికి కాస్త సమయం పట్టింది.

విచారణ రోజున కుటుంబ న్యాయస్థానంలో తలుపులు మూసిన గదిలో ఎనిమిదిమంది ఉన్నారు. జడ్జి కొత్తగా వచ్చినావిడ. సంస్థ తరఫున హైదరాబాదు నుంచి ఒక పెద్ద లాయరు వచ్చాడు. ఒక పక్కన సన్యాసిరావు, ఇంకో పక్కన అతని మాజీ భార్య రాజేశ్వరి. వకుళ నలభై నిమిషాలు మాట్లాడింది. బల్లపరుపు గీతలు చూపించింది. ఇంట్లో కూతురితో చేసిన కొలత చూపించినప్పుడు, అది ఎలా చేసిందో దాచకుండా చెప్పింది. జడ్జి కలం ఆపి ఆమె వంక చూసింది. ఆ చూపు వకుళ తప్పించుకోలేదు.

సంస్థ లాయరు లేచి, మీ సొంత బిడ్డ కస్టడీ మీకు ఈ యంత్రం వల్లే వచ్చింది కదా అని అడిగాడు. అవునంది. అప్పుడు ఇది నమ్మదగినదిగా కనిపించిందా అన్నాడు. అవునంది.

"అంటే మీ విషయంలో యంత్రం నిజం చెప్పింది, ఈయన విషయంలో అబద్ధం చెప్పింది. అంతేనా?"

"కాదండీ. అబద్ధం మొదట నా విషయంలోనే చెప్పింది. అది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నేను పరీక్షించలేదు. శాస్త్రవేత్తగా నేను చేసిన నేరం అదే. నా బిడ్డ తండ్రికి ఆ అంకె వల్ల పోయిన ఏడాదిన్నర నేను తిరిగి ఇవ్వలేను. కనీసం ఇంకొకరికి పోకుండా ఆపమని ఈ కోర్టును అడుగుతున్నాను."

లాయరు ఇంకేదో అడగబోతే, జడ్జి సన్యాసిరావును ఏమైనా చెబుతావా అని అడిగింది. అతను లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

"నలభై టన్నుల డబ్బాని గాల్లో తిప్పి, కింద మనిషికి గోరు తగలకుండా దించుతానండి నేను. దానికి కూడా మిషను అంకెలు చెప్తాది. కానీ కిందున్న మనిషి చెయ్యెత్తితే మిషను మాట వినను, మనిషి మాటే వింటాను. మా పాప విషయంలో ఎవరూ పాపని అడగలేదండి. పట్టీనడిగేరు. పట్టీ చెప్పిందని నా బిడ్డకి నేను అక్కర్లేదన్నారు. ఏడేళ్ళ పిల్ల, నాన్నని ఉంచుకోడానికి ఊపిరి ఆపుకుంటే, ఆ ఊపిరే నేరమైపోయింది. ఇదేటి న్యాయమండి?"

రాజేశ్వరి లేచింది. ఆమెను ఎవరూ అడగలేదు. తనకు ఆయనతో పడలేదు గానీ, పాపకు ఆయనంటే పడదని తను ఎప్పుడూ అనుకోలేదని చెప్పింది. అంకె చూశాక నిజమేనేమో అనుకున్నానంది. మూడు నెలలుగా పాప కిటికీ దగ్గర అన్నం తింటోందని, ఎందుకో తనకు ఇప్పుడు తెలిసిందని చెప్పి కూర్చుంది.

జడ్జి సన్యాసిరావు అంకెను కొట్టేసింది. వారం వారం పాపను తీసుకెళ్ళమంది. తన కోర్టులో ఆ పట్టీలు వాడొద్దని ఉత్తర్వు రాసి, మిగతా రికార్డులన్నీ హైకోర్టు పరిశీలనకు పంపింది. వకుళ ఆ రోజు కొండంత బరువు దిగినట్టు ఇంటికి వెళ్ళింది. ఆ తేలిక పది రోజులు కూడా నిలవలేదు. మిగతా రికార్డుల పరిశీలన సాగకుండా సంస్థ పైకోర్టులో స్టే తెచ్చుకుంది. శాస్త్రీయ విషయాన్ని కింది కోర్టు తేల్చలేదట. నిపుణుల సంఘం వేస్తారట, సంఘం ఆరు నెలల్లో నివేదిక ఇస్తుందట. ఈలోగా పట్టీలు విశాఖలో ఆగినా మిగతా చోట్ల ఆగలేదు. రహస్యాలు బయటపెట్టిందని వకుళను ఉద్యోగం నుంచి తీసేశారు. తను పేరు పెట్టిన యంత్రం ఉన్న భవనంలోకి తనను రానివ్వొద్దని గేటు దగ్గర ఆమె ఫోటో అంటించారు. సన్యాసిరావును రెండుసార్లు ఆపిన కాపలావాళ్ళే ఆమెనూ ఆపారు. ఆమె వాళ్ళ మీద కోపం తెచ్చుకోలేదు. తీసుకెళ్ళాల్సిన పుస్తకాలు బయటికి పంపమని చెప్పి, ఆ సాయంత్రమే మిగిలిన కుటుంబాలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది.

అంతకన్నా ముందే ఆమె ఇంకో పని చేసింది. తన తీర్పును తనే తిరగదోడమని అర్జీ పెట్టుకుంది. పిల్లకు వారంలో సగం రోజులు తండ్రి దగ్గర, సగం రోజులు తన దగ్గర. ఆ అర్జీ మీద సుధీంద్ర సంతకం కావాలి. తీసుకుని అనకాపల్లి వెళ్ళింది. అతను పశువుల ఆసుపత్రి వెనక, గేదె కాలికి కట్టు కడుతున్నాడు. ఆమె చెప్పిందంతా కట్టు కడుతూనే విన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు.

క్షమించమని ఆమె అడిగింది.

"అడగకు వకుళా. దాని పాలపళ్ళు ఊడాయి, కొత్తవి వచ్చాయి. ఒక్కటి ఊడినప్పుడూ నేను పక్కన లేను. హాల్లో రెండు గంటలూ అది నవ్వుతూ కూర్చునేది, నేనూ నవ్వుతూ కూర్చునేవాణ్ణి. ఇద్దరం ఒకరినొకరు పోగొట్టుకుంటామని భయపడుతూ. నువ్వు అడిగావని నేను క్షమించాననుకో, నా కోపం ఎక్కడ పెట్టుకోవాలి?"

అతను కాగితం తిరిగి ఇచ్చాడు. కోర్టు ఒప్పుకోగానే, శుక్రవారం సాయంత్రం తీసుకురమ్మన్నాడు.

కోర్టు అర్జీని ఒప్పుకున్నాక మొదటి శుక్రవారం చైత్ర తండ్రి ఇంట్లోకి చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చింది. చెప్పులు వరసగా విప్పింది. మంచినీళ్ళు ఇస్తే థాంక్స్ అంది. మూడు రోజులూ అలాగే ఉందని సుధీంద్ర ఫోనులో పొడిగా చెప్పాడు. రెండో వారమూ అంతే. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది, ఏది పెడితే అది తింది, అతను దగ్గరికి వచ్చినప్పుడల్లా వీపు నిటారుగా పెట్టుకుంది. పట్టీలు లేవమ్మా, ఎవరూ కొలవడం లేదు అని అతను చెబితే తెలుసు నాన్నా అంది. మూడో వారం, నాలుగో వారం కూడా ఏమీ మారలేదు. ఇది ఎప్పటికీ ఇంతేనేమో అని వకుళకు భయం పట్టుకుంది. ఒక కోర్టు ఉత్తర్వు కొట్టేసినంత మాత్రాన పిల్ల ఒంట్లోంచి భయం పోతుందని ఎవరు చెప్పారు?

ఆరో వారం సోమవారం సాయంత్రం ఆమె పిల్లను తీసుకురావడానికి వెళ్ళింది. కారు దిగి గేటు తీస్తుండగానే లోపలి నుంచి కేకలు వినిపించాయి. చైత్ర గొంతు. కొత్తగా పుట్టిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని ఇంటికి తీసుకెళ్తానంటోంది. పాలు తాగే పిల్లలు, తల్లి నుంచి ఇప్పుడే వేరు చెయ్యకూడదు, నెల ఆగమని సుధీంద్ర చెబుతున్నాడు. నువ్వెప్పుడూ ఇంతే, ఏదీ ఇవ్వవు అని పిల్ల అరుస్తోంది. అతనూ గొంతు పెంచాడు. ఏదో పళ్ళెం నేల మీద పడింది. "నువ్వంటే నాకు అస్సలు ఇష్టం లేదు" అన్న మాట వీధిలోకి వినిపించింది. వెంటనే తలుపు ధడాలున మూసుకుంది.

వకుళ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సుధీంద్ర వరండాలోకి వచ్చాడు. చొక్కా మీద పెరుగు మరకలు ఉన్నాయి. కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. లోపల తలుపు వెనక నుంచి పిల్ల ఇంకా ఏదో అంటూనే ఉంది, ఊపిరి తీసుకుని మళ్ళీ అంటోంది.

"నువ్వు రేపు రా వకుళా" అన్నాడు. "మేం పోట్లాడుకుంటున్నాం."